చేతిలో ఫోను, కాళ్ల కింద ఊరు

చోళపురం లాంటి ఊరికి పేపర్ ఫోటోగ్రాఫర్ రావాలంటే ఏదో ఒకటి జరగాలి. బస్సు బోల్తా పడాలి, గుడి తేరు కదలాలి, మంత్రిగారు కారు దిగాలి. మిగతా రోజుల్లో ఊరి వంక ఏ కెమెరా తిరగదు. పక్కనున్న రాజపాళయంలో మిల్లు షిఫ్టు మారే వేళ రోడ్డు మీద కనిపించే జనం, కొండల కింద మామిడి తోటల్లో కాయకోత, పత్తి చేలో నడుం వంచిన ఆడవాళ్లు ఆ పూటకి వార్త కారు కాబట్టి వాళ్లకి బొమ్మ ఉండదు. అదే ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇప్పుడొక మంచి కెమెరా ఉంది. ఫోనులో ఉండటంతో దాన్ని కెమెరాగా లెక్కేసేవాళ్లు తక్కువ. పుట్టినరోజు కేకు, పెళ్లి భోజనం, వాట్సాప్ స్టేటస్‌తో దాని పని సరి. దాన్ని ఊరి పనికీ వార్త పనికీ ఎలా పెట్టుకోవాలన్నదే ఈ అధ్యాయం.

విరుదునగర్ జిల్లాలోని ఈ ప్రాంతంలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివచ్చిన రాజుల ఊరుగా రాజపాళయానికి పేరు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా పెట్టిన రాజపాళయం మిల్స్‌తో ఆ ఊరు నూలు దారి పట్టింది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఇక్కడివారే. చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో స్థిరపడిన తెలుగు రైతుల కథని కి. రాజనారాయణన్ తమిళంలో రాశారు. ఆయన నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన ఆయన ఇంటి భాష తెలుగే. ముసలివాళ్ల నోట్లో మిగిలిన కథల్ని ఆయన కాగితం మీద పెట్టారు. బొమ్మల విషయంలో అంత ఓపికతో పనిచేసినవాళ్లు తక్కువ. అందుకే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ పెరిగే పిల్లలకి తాతల నాటి ఊరు చూపించాలంటే చాలా ఇళ్లలో పెళ్లి ఆల్బం తప్ప మరొకటి దొరకదు.

ఫోనుతో తీసినవి అసలు సిసలు ఫోటోలేనా అన్న అనుమానం ఇంకా కొందరిని వదల్లేదు. ఆ లెక్క తేలి చాలా ఏళ్లయింది. 2010లో న్యూయార్క్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ డేమన్ వింటర్ అఫ్గానిస్తాన్‌లో అమెరికన్ సైనికుల రోజువారీ బతుకుని ఐఫోన్‌తో తీశారు. ఆ బొమ్మలు పత్రిక మొదటి పేజీకెక్కాయి, మరుసటి ఏడు పిక్చర్స్ ఆఫ్ ది ఇయర్ పోటీలో మూడో స్థానం తెచ్చాయి. 2012 అక్టోబరులో శాండీ తుఫాను అమెరికా తూర్పు తీరం మీద పడినప్పుడు టైమ్ పత్రిక ఐదుగురు ఫోటోగ్రాఫర్లకి తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతాని అప్పగించింది. వాళ్లలో బెంజమిన్ లోవీ ఫోనుతో పట్టిన అల ఆ పత్రిక ముఖచిత్రమైంది. 2017లో అదే పత్రిక కోసం బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ లూయీసా డోర్ 46 మంది పేరున్న మహిళల్ని ఐఫోన్‌తోనే తీశారు. 2020లో ఐఫోన్ ఫోటోగ్రఫీ అవార్డుల్లో అగ్ర బహుమతి ముంబైలో పుట్టిన డింపీ భలోటియాకి వెళ్లింది. కాశీలో గోడ మీంచి గంగలోకి దూకుతూ గాల్లో ఉన్న ముగ్గురు కుర్రాళ్ల బొమ్మ అది.

అయితే ఈ కథకి రెండో వైపు కూడా ఉంది. 2013 మే నెలలో షికాగో సన్‌టైమ్స్ తన ఫోటోగ్రాఫర్లు 28 మందినీ ఒక్కసారిగా ఇంటికి పంపేసింది. వాళ్లలో పులిట్జర్ బహుమతి పొందిన జాన్ వైట్ కూడా ఉన్నారు. వాళ్ల బదులు విలేకరులకే ఫోను ఫోటోలు నేర్పిస్తామంది. ఆ తర్వాత కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందంలో నలుగురిని మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నొక్కాలో ఏళ్ల తరబడి నేర్చిన మనిషిని తీసేసి చేతికో పరికరం ఇస్తే ఆ లోటు పూడదు. మన దేశంలో ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో 2002లో మొదలైన ఖబర్ లహరియా దీనికి పూర్తిగా భిన్నమైన దారిలో నడిచింది. ఊళ్ల వార్తలు రాసే ఆడవాళ్లకే ఆ సంస్థ ఫోన్లు ఇచ్చింది. అంతకుముందు స్మార్ట్‌ఫోన్ పట్టి ఎరగని వాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్ల మీద తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. వాళ్లకి ఊరు ముందే తెలుసు, ఫోను తర్వాత వచ్చింది. చోళపురంలో ఉండే మనిషికి ఉన్న బలం కూడా ఇదే. ఏ నెలలో ఏ తోటలో కోత మొదలవుతుందో, మిల్లు సైరన్ ఎప్పుడు మోగుతుందో, ఏ అరుగు మీద ఎవరు కూర్చుంటారో చెన్నై నుంచి వచ్చే ఫోటోగ్రాఫర్‌కి తెలియాలంటే చాలాకాలం పడుతుంది. ఇక్కడివాళ్లకి అది పుట్టుకతో వచ్చిన విద్య.

ఫోనుకి చేతకానిదేమిటో ముందే తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. పెద్ద కెమెరా సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే, ఫోనులోది చిటికెన వేలి గోరంత. దాని మీద పడే వెలుతురు తక్కువ. ఆ కొరత తీర్చుకోవడానికి ఫోను ఒక్క నొక్కుకి వరసగా చాలా ఫ్రేములు తీసి, కలిపి, ఒక బొమ్మగా చేతికిస్తుంది. 2018లో పిక్సెల్ ఫోన్లలో వచ్చిన నైట్ సైట్ చీకట్లో కూడా బొమ్మ తెచ్చి అందరినీ ఆశ్చర్యపరిచింది ఈ పద్ధతిలోనే. గోడ, గుడి, కొండ లాంటి కదలనివాటికి ఇది వరం. కోలాటం ఆడే పిల్లల మీద రాత్రిపూట వాడితే చేతులు నీడల్లా చెదిరిపోతాయి. అలాంటప్పుడు నైట్ మోడ్ ఆపేసి, ఆడేవాళ్లు దీపం కిందికి వచ్చే క్షణం కోసం కాచుకోవాలి.

ఇక జూమ్. తెర మీద రెండు వేళ్లతో సాగదీస్తే, ఫోనులో అసలైన టెలి లెన్సు ఉంటే తప్ప, జరిగేది బొమ్మ అంచులు కోసి మధ్య ముక్కని పెద్దది చెయ్యడమే. ఆ ముక్కలో వివరం ఉండదు. నాలుగడుగులు ముందుకి నడవడం మేలు. మరీ దగ్గరికెళ్తే ఇంకో చిక్కు. ఫోను ప్రధాన లెన్సు వెడల్పుగా చూసేది కాబట్టి, మొహానికి జానెడు దూరంలో పెడితే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. ముసలమ్మ మొహం తియ్యాలంటే రెండు మూడు అడుగులు వెనక నిలబడి, రెండు రెట్లు జూమ్ ఉంటే అది వాడుకోవాలి. ఇంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది: లెన్సు తుడవడం. జేబులో, చేతి చెమటలో నలిగిన గాజు మీది జిడ్డు బొమ్మంతా మంచు కప్పినట్టు చేస్తుంది. మెత్తటి నూలు గుడ్డ చాలు.

వెలుతురు దగ్గర కాస్త నిదానంగా ఆగాలి, ఎందుకంటే ఈ నేల వెలుతురికి సొంత తీరుంది. పడమటి కనుమలు రాజపాళయానికి సరిగ్గా పడమర గోడలా నిలబడి ఉంటాయి. పొద్దుటి ఎండ తూర్పు నుంచి నేరుగా ఆ కొండల మొహాన పడుతుంది. మడతలు, చెట్లు, మబ్బు నీడలు విడివిడిగా కనిపించేది అప్పుడే. సాయంత్రం లెక్క మారుతుంది. సూర్యాస్తమయానికి ముందు గంట బంగారు వెలుతురని ఫోటోగ్రఫీ పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ సూర్యుడు పంచాంగంలో రాసిన వేళకంటే ముందే కొండ వెనక్కి దిగిపోతాడు. ఆకాశం ఇంకా వెలుగుతూనే ఉంటుంది, ఊరు మాత్రం నీడలో పడుతుంది. ఆ నీడ వెలుతురు మెత్తగా, కాస్త నీలంగా ఉంటుంది. మొహాలకి అంతకన్నా మంచి సమయం లేదు. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లనీ, కొట్టు ముందు నిలబడ్డ మనుషులనీ అప్పుడే తియ్యాలి. కొండల్ని అప్పుడు తీస్తే మిగిలేది నల్లటి అంచు మాత్రమే. జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మబ్బు పట్టిన ఆ పగళ్లలో మిట్టమధ్యాహ్నం కూడా ఫోటోకి పనికొస్తుంది. వేసవిలో పదకొండు నుంచి మూడు దాకా బయట తీసే మొహాల్లో కళ్ల కింద నల్లటి గుంతలు తప్పవు. ఆ వేళని గడప లోపలికి, కిటికీ పక్కకి మార్చుకోవాలి.

తెలుపుని తియ్యడం ఎంత కష్టమో రాజపాళయం కుక్క నేర్పుతుంది. ఒళ్లంతా తెలుపు, ముక్కు గులాబి. 2005లో తపాలా శాఖ దేశవాళీ కుక్కల మీద వేసిన స్టాంపుల్లో దీనికీ చోటు దక్కింది. ఈ కుక్కని సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టి తీస్తే ఫోను ఆ తెలుపంతా చూసి, వెలుతురు ఎక్కువైందనుకుని బొమ్మని మసక బూడిద రంగులోకి దించుతుంది. అదే కుక్కని చీకటి వసారాలో తీస్తే చుట్టూ ఉన్న నలుపు చూసి వెలుతురు పెంచేస్తుంది. అప్పుడు కుక్క ఒంటి మీద వెంట్రుక అన్నది లేకుండా తెల్లటి మచ్చే మిగులుతుంది. రెండు చోట్లా మందు ఒక్కటే. తెర మీద కుక్క మీద వేలు పెట్టి, కాసేపు అలాగే నొక్కి ఫోకస్‌నీ వెలుతురునీ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని గోడ దగ్గర కాస్త పైకి, వసారాలో కాస్త కిందికి జరపాలి. ఎంత జరపాలో తెలియాలంటే కుక్క భుజం దగ్గర వెంట్రుకలు తెర మీద విడివిడిగా కనిపిస్తున్నాయా లేదా చూసుకోవాలి. నీడలు కాస్త నల్లబడ్డా తర్వాత ఎత్తుకోవచ్చు. కాలిపోయిన తెలుపుని ఏ యాప్ కూడా తిరిగి తేలేదు. తెల్ల పంచె కట్టిన పెద్దాయన, ఎండలో ఆరేసిన గుడ్డ, ముగ్గు వేసిన వాకిలి అన్నింటికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

రాజపాళయానికి దగ్గర్లోని ఛత్రపట్టి ఆసుపత్రుల్లో వాడే గాజ్ గుడ్డ, బ్యాండేజీ నేతకి పేరుపడింది. పవర్‌లూమ్ షెడ్డులో ఫోను ఎత్తినవాళ్లకి మొదట ఎదురయ్యేది బొమ్మకి అడ్డంగా నల్లటి చారలు. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులది కాబట్టి పాత ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, ఫోనుకి తెలుస్తుంది. ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్‌ని సెకనులో 100వ వంతుకో 50వ వంతుకో పెడితే చారలు పోతాయి. ఇంకో వింత: ఫోను సెన్సర్ బొమ్మని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వరస వరసగా చదువుతుంది. వేగంగా తిరిగే చక్రాలూ, పరుగెత్తే భాగాలూ వంగిపోయి కనిపించేది అందుకే. మగ్గం పరుగుని గడ్డకట్టించి చూపాలని పంతం పట్టడం కంటే, షట్టర్‌ని సెకనులో 15వ వంతుకి దించి, మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే మగ్గం చెదిరి, నేసే మనిషి మాత్రం నిలిచి కనిపించే బొమ్మ వస్తుంది. ఆ షెడ్డు హోరు కాగితం మీదికి రావాలంటే ఇదే దారి. పది తీస్తే ఒకటి నిలుస్తుంది, అది మామూలే.

ఆ షెడ్డులోకి అడుగుపెట్టడానికి యజమాని అనుమతి ఒక్కటే సరిపోదు. నేసే మనిషి ఒప్పుకోవాలి. ‘అక్కా, మీరు పని చేసేది ఫోటో తీసుకోవచ్చా, పేపర్‌కి పంపుతాను’ అని ఏం చెయ్యబోతున్నారో కూడా కలిపి చెప్పాలి. వద్దంటే ఫోను జేబులో పెట్టెయ్యాలి. యజమాని పక్కనున్నప్పుడు ఒప్పుకున్న మనిషిని, ఆయన లేనప్పుడు మళ్లీ ఒకసారి అడగడం న్యాయం. మొదటి రోజు అందరూ కెమెరా వంక చూసి నవ్వుతారు. నాలుగోసారికి విసుగొచ్చి తమ పనిలో పడతారు. అసలు బొమ్మలు అప్పుడు మొదలవుతాయి. మళ్లీ మళ్లీ వెళ్లగలగడం ఊరివాళ్లకి మాత్రమే ఉన్న సౌకర్యం, దాన్ని వాడుకోకపోతే ఫోను ఎంత ఖరీదైనదైనా ఒకటే.

ఈ పనికి మంచి గురువు మదురై జిల్లా నుంచి వచ్చిన ఎం. పళని కుమార్. చేపలమ్మే తన తల్లినీ, సముద్రపు నాచు ఏరే ఆడవాళ్లనీ, మురుగు కాలువల్లో దిగే పారిశుధ్య కార్మికులనీ ఆయన ఏళ్ల తరబడి తీశారు. 2022లో దయానితా సింగ్ – పారి డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ అవార్డు మొదటిసారి ఆయనకే దక్కింది. ఆయన పనిచేసే పారి, అంటే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, మన తెలుగు కుటుంబంలో పుట్టిన పాలగుమ్మి సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టింది. తెలుగులోనూ చదువుకోవచ్చు. పళని కుమార్ వాడేది పెద్ద కెమెరా. ఆయన బొమ్మల్లో గమనించాల్సింది లెన్సు కాదు, దూరం. ఆయన ఎప్పుడూ ఆ మనిషికి మాట వినపడేంత దగ్గర్లో ఉంటారు. పిల్లలకి కెమెరాలిచ్చి వాళ్ల ఇళ్లనీ వాళ్ల అమ్మానాన్నల పనినీ తీయించడం ఆయన చేసే మరో పని. చోళపురం బడిలో ఒక టీచరు పూనుకుంటే ఇంట్లోవాళ్ల ఫోన్లతోనే ఇది జరిగిపోతుంది.

అనుకోని వార్త వచ్చి పడినప్పుడు నియమాలు వేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకైనప్పుడు రోడ్ల మీద మనుషులు కుప్పకూలుతున్న దృశ్యాలు లోకానికి చేరింది అక్కడివాళ్ల ఫోన్ల నుంచే. వాటి వల్ల ఎంత ఘోరం జరిగిందో గంటల్లో దేశమంతటికీ తెలిసింది. విరుదునగర్ జిల్లాలోనే ఇంకో చేదు పాఠం ఉంది. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో బాణసంచా ఫ్యాక్టరీ అంటుకుంది. చనిపోయినవాళ్లలో పనివాళ్లతో పాటు, పొగ చూసి సాయానికనీ చూడటానికనీ పరుగెత్తుకెళ్లిన చుట్టుపక్కల జనం కూడా చాలామంది ఉన్నారు. బాణసంచా, గ్యాసు, తెగిన కరెంటు తీగ దగ్గర ఒక్క బొమ్మ కోసం కూడా ముందుకెళ్లకూడదు. గాలి వచ్చే వైపు, దూరంగా, మంటలార్పే బండికీ అంబులెన్సుకీ అడ్డం లేని చోట నిలబడాలి. చెయ్యి అందిస్తే బతికే మనిషి ఎదురుగా ఉంటే ఫోను కింద పెట్టడమే సరైన పని, ఇందులో రెండో మాట లేదు.

బాధితుల మొహాల విషయంలో చట్టం కూడా గట్టిగానే ఉంది. లైంగిక దాడికి గురైనవాళ్ల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉన్నాయి. మొహం మీద మసక వేసి ఇల్లు, బడి యూనిఫారం, వీధి పేరు చూపించినా గుర్తింపు బయటపెట్టినట్టే లెక్క.

ఇప్పటి ఫోన్లలో పెద్ద ప్రమాదం చెరిపేసే పనిముట్టు. 2021లో గూగుల్ మ్యాజిక్ ఇరేజర్ తెచ్చాక ఇతర ఫోన్లలోకీ అలాంటివి వచ్చేశాయి. వెనకాల కనిపించే చెత్తకుండీనో, అడ్డొచ్చిన మనిషినో వేలితో రుద్దితే మాయం. ఇంట్లో గోడకి తగిలించుకునే బొమ్మకి ఏమైనా చేసుకోవచ్చు. పేపర్‌కిచ్చే బొమ్మలో అది తప్పు. సిరియా యుద్ధం మీద పనిచేసి పులిట్జర్ గెలిచిన బృందంలో ఒకరైన నార్సిసో కాంట్రెరాస్ ఒక ఫ్రేము మూలన పడి ఉన్న వీడియో కెమెరాని చెరిపేశారని తేలగానే, 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ఆయనతో తెగతెంపులు చేసుకుంది. వార్త బొమ్మలో వెలుతురు కాస్త సరిచెయ్యొచ్చు, అంచులు కత్తిరించొచ్చు, వాలిన గీతని నిలబెట్టొచ్చు. ఉన్నది తీసెయ్యకూడదు, లేనిది పెట్టకూడదు. బ్యూటీ మోడ్ ముందే ఆపెయ్యాలి. పత్తి ఏరి ఏరి ఎండకి నల్లబడ్డ మొహాన్ని ఫోను తనంతట తాను నునుపు చేసేస్తే అది అబద్ధపు బొమ్మే.

తీసిన బొమ్మ అసలు ఫైలు భద్రంగా ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగి చిన్నదవుతుంది, తీసిన తేదీ, సమయం లాంటి వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. ఏ రోజు బొమ్మలు ఆ రోజే హార్డ్ డిస్క్‌లోకో పెన్ డ్రైవ్‌లోకో మరో నకలు తీసుకోవాలి. తన పేరు బయటికి రాకూడదని అడిగిన మనిషిని తీసేటప్పుడు లొకేషన్ ముందే ఆపెయ్యాలి. లేకపోతే బొమ్మతో పాటు ఆ ఇంటి ఆచూకీ కూడా వెళ్లిపోతుంది.

అక్కడికక్కడే చెయ్యాల్సిన ఇంకో పని, చాలామంది వదిలేసేది, వివరం రాసుకోవడం. ఎవరు, ఏ ఊరు, ఏం చేస్తున్నారు, ఏ తేదీ. పేరు ఎలా రాసుకుంటారో వాళ్లనే అడగాలి. ఈ ప్రాంతంలో ఒకే పేరుని తమిళంలో ఒకలా తెలుగులో ఇంకోలా రాస్తారు. చేతిలో నోటుపుస్తకం లేకపోతే ఫోనులోనే గొంతు రికార్డు చేసుకోవచ్చు. ‘మామిడి తోటలో కోత’ అని రాస్తే పదేళ్ల తర్వాత ఆ బొమ్మ ఎవరికీ పనికిరాదు. ఏ రకం కాయ, తోట ఎవరిది, కోసేవాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు, ఆ రోజు కూలి ఎంత అన్నవి కూడా ఉంటే అది వార్తకీ చరిత్రకీ ఆధారమవుతుంది. ఇంట్లో పాత ఫోటోల్ని ఫోనుతో తీసి దాచుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి: గాజు ఫ్రేములోంచి బయటికి తీసి, కిటికీ వెలుతురులో, నీడ పడకుండా, ఫోనుని బొమ్మకి సమాంతరంగా పట్టుకోవాలి. తర్వాత వెనకవైపు రాత కూడా తియ్యాలి, పక్కన కూర్చున్న పెద్దవాళ్లని ఒక్కో మొహం పేరూ అడిగి రాసుకోవాలి.

చివరిగా డబ్బు, హక్కు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో కర్త తీసిన మనిషే. ఉద్యోగంలో భాగంగా పత్రిక కోసం తీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో వేసుకునే హక్కు యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో హక్కు తీయించుకున్నవాళ్లది. తీసిన మనిషి బతికున్నంత కాలం, పోయిన తర్వాతి ఏడాది మొదలు నుంచి మరో 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. ఊరి నుంచి బొమ్మ పంపేవాళ్లు ఇది తెలియక, పేరు పడితే చాలనుకుని ఊరికే ఇచ్చేస్తారు. జిల్లా విలేకరికి పంపేటప్పుడు బొమ్మతో పాటే, ఒక్కసారి అచ్చుకి మాత్రమే అనుమతి అనీ, పేరు వెయ్యాలనీ, ఎంత ఇస్తారనీ రాసి పంపాలి. ఆ సందేశాన్నీ వాళ్ల జవాబునీ చెరపకుండా ఉంచుకోవాలి.